ఖాళీ కుర్చీల రికార్డు హైదరాబాదుదే!

నయాపూల్ దాటి మూసీ దక్షిణపు గట్టుకేసి చూడండి. ఎర్రరాతి గోడలు, గుమ్మటాలు, గేటు ముందు నల్లకోట్ల హడావుడి. ఈ హైకోర్టు భవనం 1920లో తెరుచుకుంది. భారత రాజ్యాంగం కన్నా 30 ఏళ్లు పెద్దది! బోర్డులు మార్చడంలో దీనికి పోటీ ఎవరు? మొదట నిజాం హైకోర్టు. 1956లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. 2014లో రెండు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు. 2019 జనవరి 1 నుంచి తెలంగాణ హైకోర్టు. గోడలు అవే, బోర్డులు నాలుగు!

అతిపెద్ద గైర్హాజరు! ఆ రాజ్యాంగాన్ని రాసిన ఢిల్లీ రాజ్యాంగ సభలో పది లక్షల జనాభాకు ఒక సీటు. 1941 లెక్కల్లో హైదరాబాద్ సంస్థానం జనాభా కోటీ 63 లక్షలు, అంటే 16 సీట్లు. సంస్థానాలన్నిటికీ కలిపి 93 సీట్లుంటే అందులో అతిపెద్ద వాటా మనదే. మైసూరుకు వచ్చినవి ఏడే. మరి మనవాళ్లు ఎంతమంది కూర్చున్నారు? సున్నా! ఏ రాజ్యాంగ సభలోనూ చేరేది లేదని 1947 జూన్‌లోనే నిజాం ఫర్మానా ఇచ్చేశాడు.

దేశం కావడానికి కావలసిన సరంజామా మాత్రం బోలెడు. విస్తీర్ణం సుమారు 2.14 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇంగ్లండ్, స్కాట్లండ్ రెండూ కలిపినా ఇంకా మిగులుతుంది. సొంత తపాలా, సొంత రైలు, సొంత నాణెం. ఏడు హాలీ (నిజాం) రూపాయలిస్తే ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు! లేనిదల్లా జనం ఒప్పుకున్న రాజ్యాంగమే.

అతివేగపు ముగింపు! 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం హైదరాబాదు మీదికి కదిలింది. 16న ప్యారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి భారత్‌పై హైదరాబాద్ ఇచ్చిన ఫిర్యాదును చేతికి తీసుకుంది. 17న నిజాం లొంగిపోయాడు. అయిదు రోజులైనా నిండలేదు. కేసు ముగిసినా ఫైలు ముగియలేదు, మండలి జాబితాలో అది దశాబ్దాలు నిలిచింది. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా పోయిన ప్రాణాలు 27 వేల నుంచి 40 వేలని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా. విజయాల పట్టికలో ఎవరూ వేయని అంకె ఇది.

ఢిల్లీలో మాత్రం నత్తనడక. 1946 డిసెంబరు 9న మొదలైన సభకు పట్టిన కాలం 2 ఏళ్ల 11 నెలల 17 రోజులు! కూర్చున్నది 165 రోజులు. వచ్చిపడ్డ సవరణలు 7,635. చర్చకు పెట్టినవి 2,473. 1787లో అమెరికా వాళ్లు నాలుగు నెలలు తిరక్కుండానే ముగించారు, వాళ్లవి 7 అధికరణాలు. మనవి 395! సార్వభౌమ దేశాల లిఖిత రాజ్యాంగాల్లో పొడుగు కిరీటం మనదే. అసలు ప్రతి మొత్తం చేతిరాత. ఒక్కో పుట పొడవు 22 అంగుళాలు, మూరెడు మీద నాలుగు అంగుళాలు. జపాన్‌ది మరో వింత. 1946లో అమెరికన్ అధికారులు వారం రోజుల్లో చిత్తు రాసిచ్చారు. 1947 మే 3న అమల్లోకి వచ్చింది. నేటికీ ఒక్క సవరణ లేదు! మనకు 17 నెలల్లోనే మొదటిది, 2023 నాటికి 106.

ఒకే ఒక్కరు! ఢిల్లీ రాజ్యాంగ సభలో 15 మంది మహిళలు. అధ్యక్ష స్థానంలో కూర్చునే ప్యానెల్‌లో మాత్రం ఒక్కరే, రాజమండ్రిలో పుట్టిన జి. దుర్గాబాయి. తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఆంధ్ర మహిళా సభ అమ్మ. రాజ్యసభకు కనీస వయసు 35 అని ప్రతిపాదన వస్తే 30 చాలని పట్టుబట్టింది ఆమే. నేటికీ అదే 30.

అతిపొట్టి ఒప్పుకోలు! ఢిల్లీలో మూడేళ్ల వాదం, హైదరాబాదులో ఒక్క ఫర్మానా. 1949 నవంబరు 23న, ఢిల్లీ సభ ఆమోదానికి మూడు రోజుల ముందే, రాబోయే రాజ్యాంగమే మాది కూడా అని నిజాం ప్రకటించాడు. త్వరలో ఏర్పడే హైదరాబాద్ రాజ్యాంగ సభ దీన్ని ధ్రువీకరించాలన్న మెలిక కూడా అందులో ఉంది. ఆ సభ ఒక్కరోజూ కొలువు తీరలేదు!

ఆయుష్షూ అల్పమే. కొత్త రాజ్యాంగం కింద హైదరాబాద్ రాష్ట్రం బతికింది 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా. ఏడేళ్లు కూడా కాదు.

హైదరాబాద్ రాజ్యాంగ సభ కూడలేదు గానీ, జనం పోలింగ్ బూత్‌లకు బారులు తీరారు. 1952 తొలి ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద అత్యధిక ఓట్లు ఎవరికి? నెహ్రూకి అనుకుంటే పొరపాటు! ఆయనకు 2,33,571. నల్గొండలో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థి రావి నారాయణరెడ్డికి 3,09,162! రెండూ ఇద్దరేసి సభ్యుల నియోజకవర్గాలే. తేడా 75,591 ఓట్లు.