ఒకే చెయ్యి, రెండు గదులు: వైద్య విద్యార్థి తొలి ఏడాది పాఠం

శవచ్ఛేదన శాలలో తొలి రోజున విద్యార్థులను ముందుగా కలవరపెట్టేది కంటికి కనిపించే దృశ్యం కన్నా వాసన. దేహం చెడిపోకుండా రక్తనాళాల ద్వారా ఎక్కించే ఫార్మలిన్ ద్రావణం ఘాటుకు కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది. ఆ కన్నీళ్లు భయంతో వచ్చినవో, మందు ఘాటుకు వచ్చినవో పక్కవారికి తెలియదు. ఈ ద్రావణంలోని ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. అందువల్ల ఈ శాలల్లో గాలి ధారాళంగా ఆడటం ఆరోగ్య రక్షణకు సంబంధించిన విషయం.

ఎంబీబీఎస్ మొదటి దశలో ప్రధానంగా మూడు శాస్త్రాలు బోధిస్తారు. శరీరంలో ఏది ఎక్కడ ఉందో అనాటమీ చెబుతుంది. అది ఎలా పనిచేస్తుందో ఫిజియాలజీ వివరిస్తుంది. ఆ పని వెనుక ఉన్న రసాయన చర్యలను బయోకెమిస్ట్రీ చూపుతుంది. ఒకప్పుడు ఒకటిన్నర సంవత్సరం సాగిన ఈ దశను 1997 నిబంధనలతో ఏడాదికి కుదించారు. ఈ శాస్త్రాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో తెలుసుకోవడానికి ఒక్క చేతిని గమనిస్తే చాలు. చాలా కళాశాలల్లో శవచ్ఛేదనం మొదలయ్యేది కూడా చేతితోనే.

పుస్తకంలో ధమని ఎర్రగా, సిర నీలంగా, నాడి పసుపుపచ్చగా ఉంటాయి. బల్ల మీద ఉన్న దేహంలో ఆ రంగులేవీ కనిపించవు. అంతా ఇంచుమించు ఒకే బూడిద, గోధుమ వన్నెలో ఉంటుంది. చర్మం తొలగించి కొవ్వును ఓపికగా వేరుచేసిన విద్యార్థి చివరకు వేళ్లనే నమ్ముకోవలసి వస్తుంది. కాస్త మందమైన గోడతో గొట్టంలా తగిలేది ధమని, నొక్కితే చదునైపోయేది సిర, గట్టి తాడులా తగిలేది నాడి. ఈ స్పర్శజ్ఞానం మాటలతో చెబితే వచ్చేది కాదు.

రెండో ఆశ్చర్యం, దేహం పుస్తకాన్ని అనుసరించకపోవడం. మోచేతి వద్ద రెండుగా చీలవలసిన బ్రాకియల్ ధమని కొందరిలో భుజానికి దగ్గరగానే చీలి ఉంటుంది. ముంజేతిలోని పామారిస్ లాంగస్ అనే సన్నని కండరం కొందరికి పుట్టుకతోనే ఉండదు. ఇది మీకు ఉందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. బొటనవేలి కొనను చిటికెనవేలి కొనకు తాకించి, మణికట్టును కాస్త లోపలికి వంచండి. మణికట్టు నడుమ తాడులా పైకి తేలితే ఆ కండరం ఉన్నట్టే. తేలకపోయినా దిగులు పడనవసరం లేదు, చేతి పనికి చెప్పుకోదగిన లోటు ఉండదు. శస్త్రవైద్యులు అవసరమైనప్పుడు దాని కొసను తీసి వేరొకచోట అతుకు వేయడానికి వాడుకునేది కూడా అందుకే.

బతికి ఉన్న చెయ్యి

అదే వారంలో ఆ విద్యార్థే ఫిజియాలజీ ప్రయోగశాలలో తోటి విద్యార్థి చేతికి రక్తపోటు పట్టీ చుడతాడు. స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలన్న ప్రశ్నకు జవాబు శవచ్ఛేదన శాలలోనే దొరికింది. మోచేతి మడతలో కండపుష్టి కండరపు కొసకు లోపలి వైపున బ్రాకియల్ ధమని ఉంటుంది. పట్టీలో ఒత్తిడి బాగా పెరిగినప్పుడు ధమని మూసుకుపోయి ఏ శబ్దమూ వినిపించదు. ఒత్తిడిని నెమ్మదిగా తగ్గిస్తే ఒకచోట టక్ టక్ మనే చప్పుడు మొదలవుతుంది. అది పై సంఖ్య. ధమని పూర్తిగా తెరుచుకోగానే చప్పుడు ఆగిపోతుంది. అది కింది సంఖ్య. ఈ శబ్దాలను రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్కోవ్ 1905లో వివరించారు. కొత్త విద్యార్థి తొలి ప్రయత్నంలో చాలాసార్లు తన గుండె చప్పుడే వింటాడన్నది అధ్యాపకుల చమత్కారం.

మరొక ప్రయోగంలో వేలికి బరువు కట్టి, అలసి ఆగిపోయేదాకా లాగమంటారు. కండరం పనిచేసే తొలి క్షణాల్లో శక్తిని సత్వరం అందించే పదార్థాల్లో ఒకటి ఫాస్ఫోక్రియాటిన్. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దానిని 1927లో వెలుగులోకి తెచ్చినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వెళ్లకముందు ఆయన మద్రాసులోని ఒక ఆయుర్వేద కళాశాలలో బోధించింది అనాటమీయే. ఈ విషయాన్ని మన తరగతుల్లో ఇంకా తరచుగా చెప్పవలసి ఉంది.

ఆ దేహాలు ఎవరివి?

ప్రాణమున్న చెయ్యి ఏ తరగతిలోనైనా దొరుకుతుంది. కొరత అంతా బల్ల మీది చేతికే. దేహాన్ని గడ్డితో చుట్టి పారే నీటిలో నానబెట్టి, పొరలు పొరలుగా పరిశీలించాలని సుశ్రుత సంహిత చెప్పింది. అయినా ఆ సంప్రదాయం కాలక్రమంలో మరుగున పడింది. 1835లో స్థాపించిన కలకత్తా మెడికల్ కాలేజీలో, ఆ మరుసటి ఏడాది ఆయుర్వేద పండితుడు మధుసూదన్ గుప్తా శవచ్ఛేదనం చేయడం అప్పటి సమాజంలో పెద్ద సంచలనం.

ఆ తర్వాత చాలాకాలం కళాశాలలు ఎక్కువగా ఎవరూ తీసుకువెళ్లని మృతదేహాల మీదే ఆధారపడ్డాయి. 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టం వంటి చట్టాలు ఇందుకు వీలు కల్పించాయి. ఇక్కడే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురవుతుంది. దిక్కులేక ఆసుపత్రిలోనో వీధిలోనో మరణించిన వ్యక్తిని ఎవరు అనుమతి అడిగారు? జీవితమంతా సరైన వైద్యం అందనివారి దేహం మీదనే వైద్యం నేర్చుకోవడం న్యాయమని చెప్పడం కష్టం. 2019లో అమలులోకి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక, శవచ్ఛేదనం కోసం వచ్చిన దేహాన్ని తొలి గురువుగా భావించడంపై ప్రత్యేక పాఠాన్ని చేర్చింది. అనేక కళాశాలల్లో విద్యార్థులు పని ప్రారంభించే ముందు ఆ దేహానికి గౌరవసూచకంగా ప్రతిజ్ఞ చేస్తారు.

స్వచ్ఛందంగా వచ్చే దేహం ఈ ప్రశ్నను తొలగిస్తుంది. 2010లో జ్యోతిబసు, 2024లో తెలుగువారైన సీతారాం ఏచూరి దేహాలను వారి కుటుంబాలు వైద్య విద్యకు అప్పగించాయి. అయితే అవయవదానానికి, శరీరదానానికి మధ్య తేడా ఇప్పటికీ చాలామందికి తెలియదు. మొదటిది 1994 నాటి కేంద్ర చట్టం పరిధిలోనిది, రెండోది రాష్ట్రాల అనాటమీ చట్టాలకు సంబంధించినది. అవయవాలు తొలగించిన దేహాన్ని, పోస్టుమార్టం జరిగిన దేహాన్ని, కొన్ని అంటువ్యాధులు ఉన్నవారి దేహాన్ని కళాశాలలు సాధారణంగా స్వీకరించవు. నేత్రదానానికి మాత్రం అడ్డు లేదు. మరణించిన 6 గంటల లోపు కళ్లను సేకరించి, ఆ తర్వాత దేహాన్ని అప్పగించవచ్చు.

తెరపై వేలితో తాకి పొరలు విప్పే కృత్రిమ ఛేదన బల్లలు కొన్ని కళాశాలలకు వచ్చాయి. పునశ్చరణకు అవి బాగా ఉపయోగపడతాయి. కానీ సిరకూ నాడికీ తేడాను వేళ్లకు అవి నేర్పలేవు.

దేహాన్ని ఇవ్వదలచినవారు సమీప వైద్య కళాశాలలోని అనాటమీ విభాగంలో పత్రం తీసుకుని, సాక్షుల సంతకాలతో సమర్పించాలి. ఆ పత్రం ఉన్నా, మరణానంతరం విభాగానికి కబురు చేయవలసింది, దేహాన్ని అప్పగించవలసింది కుటుంబ సభ్యులే. వారిలో ఒక్కరు అభ్యంతరం చెప్పినా కళాశాలలు చాలావరకు వెనక్కి తగ్గుతాయి. అందుకే పత్రం మీద సంతకం చేసేముందు ఇంట్లో వారితో ఈ మాట ఎత్తమని విభాగాల్లోని అధ్యాపకులు కోరుతుంటారు.