రేగుపండు వేలికి చదువే... గొంతుకే ముప్పు!

సంక్రాంతి సెలవులకు ముందు ప్రీస్కూళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దాదాపు ఒకే సందేశం వస్తుంటుంది. ‘అమ్మాయిలు పట్టులంగా, అబ్బాయిలు పంచె కట్టుకుని రావాలి. రేగుపళ్లు, చెరకు ముక్కలు, గుప్పెడు గింజలు పంపండి’ అని. పిల్లలకు అది పండగ, మనకు ఫొటోలు. డాక్టరు కంటితో చూస్తే మాత్రం ఆ గుప్పెడు గింజల్లో రెండు సంగతులు కనిపిస్తాయి. చిన్నారుల వేళ్లకు, మెదడుకు అంత మంచి ఆటవస్తువు బజారులో దొరకడం కష్టం. అదే గింజ పొరపాటున శ్వాసనాళంలోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వయసులో ఏది చేతికివ్వాలో తెలిస్తే మొదటిది దక్కుతుంది, రెండోది తప్పుతుంది.

చిటికెలోంచే రాత

బొటనవేలు, చూపుడువేలి కొసలతో చిన్న వస్తువును పట్టుకోవడం 9-12 నెలల మధ్య అలవడుతుంది. పెన్సిల్‌ను అదుపులో పెట్టుకునే బలం రావడానికి మాత్రం ఇంకా కొన్నేళ్లు పడుతుంది. సాధారణంగా మూడేళ్లకు సున్నా, నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఐదేళ్లకు త్రిభుజం చూసి గీయగలుగుతారు. అందుకే మూడేళ్ల పాప చేత పలక నిండా అక్షరాలు దిద్దించడం కంటే బంతిపూల రేకులు తుంచమనడం, మట్టి ముద్దతో గొబ్బెమ్మ చేయమనడం మేలు. చేతివేళ్లకు కావాల్సిన సాధన అందులోనే ఉంది. ఈ వయసులో చదువు ఆటలతోనే సాగాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా చెబుతోంది.

ఏ వయసుకు ఏ ఆట?

మూడేళ్ల లోపు: పెద్ద వస్తువులే ఇవ్వాలి. గుమ్మడికాయను దొర్లించడం, చెరకుగడ పక్కన నిలబడి ఎవరు పొడవో చూసుకోవడం, పసుపు, నారింజ బంతిపూలను వేర్వేరు బుట్టల్లో వేయడం సరిపోతాయి. వరి కంకిని టీచరు తన చేతిలో ఉంచుకుని తాకించాలి. గింజల ఆటలు ఈ వయసుకు వద్దు.

3-4 ఏళ్లు: హరిదాసు ఆట ఆడించండి. తలపై తేలికపాటి ప్లాస్టిక్ గిన్నె పెట్టుకుని నేలమీద గీసిన గీత వెంట నడవడం శరీరానికి నిలకడ నేర్పుతుంది. గంగిరెద్దు ఆట ఇంకా బాగుంటుంది. టీచరు ‘బసవన్నా, తల ఊపు’ అంటేనే ఊపాలి. ‘బసవన్నా’ అనకుండా చెబితే కదలకూడదు. శ్రద్ధగా వినడం, తనను తాను ఆపుకోవడం ఈ ఆటలో వస్తాయి. బడిలో కుదురుగా కూర్చోవడానికి పనికొచ్చే గుణాలు ఇవే.

4-5 ఏళ్లు: తొమ్మిది చుక్కల ముగ్గు కలపడం, కందులు, పెసలు, మినుములు వేరు చేయడం ఈ వయసుకు తగినవి. గింజల పని పళ్లెంలోనే, టీచరు పక్కనే జరగాలి. ఒక్కొక్కరికి పదేసి గింజలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. జాగ్రత్తకు జాగ్రత్త, అంకెలకు అంకెలు. దుక్కి, నారు, నాట్లు, కోత, నూర్పు, బియ్యం, అన్నం... ఈ ఏడు బొమ్మలను వరసలో పేర్చమనండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది అర్థమవుతుంది. అన్నం సూపర్ మార్కెట్లో పుట్టదనీ తెలుస్తుంది.

గొంతుకు అడ్డం పడేవి

పిల్లలకు నమిలి మెత్తగా చేసే వెనక దంతాలు పూర్తిగా రావడానికి రెండున్నర, మూడేళ్లు పడుతుంది. వచ్చాక కూడా సరిగ్గా నమలడం వెంటనే అలవడదు. పైగా వాళ్ల శ్వాసనాళం సన్నగా ఉంటుంది. నోట్లో ఏదో పెట్టుకుని నవ్వడం, పరుగెత్తడం, ఏడవడం వాళ్లకు మామూలే. సంక్రాంతి సామగ్రిలో రేగు గింజ, వేరుశనగ, శనగలు, చెరకు పిప్పి, పల్లీ చిక్కీ, చిల్లర నాణేలు... అన్నీ ఈ ప్రమాదం ఉన్నవే. 31.7 మిల్లీమీటర్ల గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువేదీ మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదన్నది భద్రతా ప్రమాణం. మన పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లే.

భోగిపళ్లు పోయడం మానుకోమని కాదు. పీట కింద దుప్పటి పరవండి. అయిపోగానే నాలుగు కొసలూ పట్టి ఎత్తేయండి. పోయించుకునే పిల్లలకంటే పక్కనే పాకుతున్న తమ్ముడికో, చెల్లికో ప్రమాదం ఎక్కువ. మూడేళ్ల లోపు పిల్లలకు పూలరేకులే ఎక్కువగా పోస్తే ముచ్చటా తీరుతుంది. పల్లీలను అయిదేళ్లు నిండేదాకా పొడిచేసి లడ్డూల్లో పెట్టండి. రేగుపండు గింజ తీసేసి ముక్కలుగా ఇవ్వండి. మెరిసే బొమ్మల్లోని బటన్ బ్యాటరీ మరీ ప్రమాదకరం. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేయగలదు.

పొడి, పొగ

ముగ్గుపిండిలో సున్నం ఉంటే కళ్లకు హాని. పిల్లలకు బియ్యప్పిండి ఇవ్వండి. కంట్లో సున్నం పడితే వెంటనే కనీసం 15-20 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బడిలో నిజం భోగిమంట అవసరం లేదు. ఆస్తమా ఉన్న పిల్లలకు ఆ పొగ పడదు, సిల్కు, నైలాన్ దుస్తులు నిప్పు దగ్గర ప్రమాదం. ఎర్ర, పసుపు కాగితాలతో మంట చేయిస్తే చేతికి పనీ దొరుకుతుంది.

అడ్డం పడితే ఏం చేయాలి?

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. మాట, ఏడుపు రాకపోయినా, పెదాలు నీలమవుతున్నా ఒకరు 108కి ఫోన్ చేయాలి. మరొకరు బిడ్డను ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపుపై అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే ఏడాది దాటిన పిల్లలకు వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి 5 సార్లు లోపలికి, పైకి నొక్కాలి. ఏడాది లోపు పసికందులకు పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి వీపు చరచాక, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి, ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే సీపీఆర్ మొదలుపెట్టాలి.

ఒక్కోసారి పొలమారడం ఆగిపోతుంది, గింజ మాత్రం ఊపిరితిత్తుల్లోని గొట్టంలో ఉండిపోతుంది. తర్వాత తగ్గని దగ్గు, పిల్లికూతలు, మళ్లీ మళ్లీ జ్వరం వస్తాయి. జలుబనో, ఆస్తమా అనో మందులు వాడుతూ పోతారు. పల్లీలాంటివి సాధారణంగా ఎక్స్‌రేలో కనిపించవు. కాబట్టి ‘ఫలానా రోజు పల్లీ తింటూ పొలమారింది’ అన్న ఒక్క మాట డాక్టరుకు తప్పక చెప్పండి. అవసరమైతే బ్రాంకోస్కోపీతో చూసి తీసేస్తారు.

బడిని మూడు ప్రశ్నలు అడగండి

గింజలు ఏ వయసు పిల్లలకు ఇస్తున్నారు? తినేటప్పుడు పిల్లల్ని కూర్చోబెడతారా? అడ్డం పడితే ఏం చేయాలో టీచర్లు, ఆయాలు నేర్చుకున్నారా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే బడికైతే గింజలు నిశ్చింతగా పంపవచ్చు. చెప్పలేకపోతే ఈ ఏటికి ఓ పెద్ద గుమ్మడికాయ పంపండి. దాంతోనూ బోలెడంత నేర్చుకోవచ్చు!