పాత కంప్యూటరును బడి సర్వరుగా మార్చేముందు: లినక్స్‌తో ఏ భాగం కలుస్తుంది, ఏది కలవదు, ఎలా తెలుసుకోవాలి



2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లు ఉన్న కంప్యూటర్లు చాలావరకు విండోస్ 11 జాబితాలో లేవు. అందుచేత అంగళ్ళలోను, ఆఫీసుల్లోను, ఇళ్ళలోను బాగా పనిచేస్తున్న యంత్రాలు కూడా మూలకు చేరుతున్నాయి. "మా దగ్గర పాత కంప్యూటరు ఒకటి ఉంది సార్, బడికి పనికొస్తుందా?" అని కొందరు అడుగుతున్నారు. చాలావరకు పనికొస్తుంది. అయితే అన్నీ పనికిరావు. ఏది పనికొస్తుందో, పనిచేయనప్పుడు తప్పు ఎక్కడ ఉందో కనిపెట్టడం ఎలాగో ఈ వ్యాసంలో చెబుతాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు దీన్ని పాఠంగానే చదవండి.

సర్వరు మనకెందుకు?

సర్వరు అంటే పెద్ద యంత్రం అనుకోనక్కర్లేదు. మిగతా కంప్యూటర్లు అడిగినది అందించే యంత్రం ఏదైనా సర్వరే. ల్యాబులో ఒక మూల ఒక పెట్టె పెట్టి, దానిలో కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా తెలుగు వికీపీడియాను మొత్తం ఉంచవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వం అంతా ఒక మామూలు పెన్‌డ్రైవులో పట్టేస్తుంది. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం వేసే తెలుగు మాధ్యమం పుస్తకాల ప్రతులను కూడా దానిలోనే పెట్టవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా, పిల్లవాడు తన కంప్యూటరు ముందు కూర్చుని తన భాషలో చదువుకోవచ్చు.

మన మాలూరు తాలూకాలో తెలుగులో సైన్సు పుస్తకం కొనాలంటే ఎంత దూరం పోవాలో మీకు తెలుసు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పరీక్ష ఫారంలో ఇంగ్లీషు ఉన్న పిల్లవాడికి సందేహం వచ్చిన వేళ తెలుగులో సమాధానం దొరకడం చిన్న విషయం కాదు. ఆ పెట్టె ఆగిపోతే ఆగేది ఆ చదువే. అందుకే దాన్ని సరిచేసే పని మన పిల్లలకే రావాలి.

పొరుగున ఉన్న కేరళలో ప్రభుత్వ బడులు చాలా ఏళ్ళుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. లైసెన్సు రుసుము ఉండదు, పాత యంత్రం మీద కూడా తేలికగా నడుస్తుంది. అందుకే మనం కూడా అదే దారిని ఎంచుకున్నాం.

మంచి వస్తువులే, కానీ ఒకదానికొకటి కలవవు

మన టేకల్ స్టేషను మీదుగా పోయేది బ్రాడ్‌గేజి. రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ఒకప్పుడు బంగారపేట నుంచి కోలారుకు నడిచిన చిన్న రైలుది నారోగేజి, 762 మిల్లీమీటర్లు. రెండు రైళ్ళూ మంచివే, రెండు పట్టాలూ గట్టివే. అయినా ఇక్కడి పెట్టె అక్కడికి పోదు. ప్రయాణికుడు మూట తలకెత్తుకుని దిగి మారవలసిందే. కంప్యూటరులో కూడా ఇంతే. ఒక భాగం లినక్స్‌లో పనిచేయలేదంటే అది చెడిపోయిందని కాదు, లినక్స్ పనికిరానిదనీ కాదు. రెండింటికీ మధ్య ఏదో కలవలేదు. "చెడిపోయింది" వేరు, "కలవలేదు" వేరు. మొదట తేల్చుకోవలసింది ఇదే. లేకపోతే మంచి భాగాన్ని పారేసి కొత్తదానికి డబ్బు పోస్తాం.

డ్రైవరు, ఫర్మ్‌వేర్

1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన కార్యక్రమమే లినక్స్. దాని నడిమి భాగాన్ని కెర్నల్ అంటారు. కెర్నల్‌కు నెట్‌వర్కు కార్డు భాష రాదు, కార్డుకు కెర్నల్ భాష రాదు. ఇద్దరి మధ్య ద్విభాషిగా ఉండేదే డ్రైవరు. కన్నడం రాని తాత బ్యాంకుకు పోయినప్పుడు వెంట పోయే మనవడిలాంటిది అనుకోండి.

విండోస్‌లో డ్రైవర్లను చాలావరకు కంపెనీలు విడిగా ఇస్తాయి. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కెర్నల్‌తో కలిసే వస్తాయి. అందువల్ల పాత యంత్రాలకు లినక్స్ బాగా కుదురుతుంది. మొన్న అంగట్లోకి వచ్చిన కొత్త భాగానికి మాత్రం ఒక్కోసారి డ్రైవరు ఇంకా చేరి ఉండదు.

రెండోది ఫర్మ్‌వేర్. ఇది కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాము. కొన్ని కార్డులు దీన్ని తమలో దాచుకోవు. యంత్రం లేచినప్పుడల్లా డ్రైవరే ఆ ఫైలును కార్డుకు అందించాలి. ఫైలు లేకపోతే డ్రైవరు ఉన్నా కార్డు నిద్రపోతూనే ఉంటుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఈ ఫైళ్ళను డెబియన్ లినక్స్ వారు చాలా కాలం తమ ఇన్‌స్టాల్ డిస్కులో పెట్టలేదు. 2022లో ఓటు వేసి పెట్టాలని తీర్మానించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి డిస్కులోనే ఉంటున్నాయి. అంతకు ముందటి డిస్కుతో ఇన్‌స్టాల్ చేసి "వైఫై రాలేదు" అనేవాళ్ళ కష్టం చాలావరకు ఇదే.

వెతికే వరుస

బోరుబావిలో నీళ్ళు రాలేదని ఎవరైనా ముందుగా మోటారును పైకి లాగుతారా? లాగరు. కరెంటు ఉందా, మూడు ఫేజులూ ఉన్నాయా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు పట్టుకుందా అని పైనుంచి చూసుకుంటూ వస్తారు. మోటారు చివరిది. ఎందుకంటే దాన్ని లాగడానికే ఖర్చు ఎక్కువ. కంప్యూటరుకూ ఇదే వరుస. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చు ఉన్నది చివర.

సర్వరు నెట్‌వర్కులో కనిపించడం లేదనుకోండి. టెర్మినల్ తెరిచి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎల్, ఎస్, పి, సి, ఐ అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఒక అడ్డగీత పెట్టి దానికి ఆనించి ఎన్, ఎన్, కె అక్షరాలు వేసి ఎంటర్ నొక్కండి. యంత్రంలో అమర్చిన కార్డుల జాబితా వస్తుంది. నెట్‌వర్కు కార్డు దగ్గర ఆగి చదవండి. నాలుగు సందర్భాలు ఉంటాయి.

ఒకటి: కార్డు జాబితాలోనే లేదు. అంటే లినక్స్ దాకా కథ రాలేదు. కార్డు స్లాటులో సరిగా కూర్చోలేదేమో, బయాస్‌లో దాన్ని ఆపి ఉంచారేమో చూడాలి. రెండూ సరిగా ఉంటే కార్డే పోయి ఉండవచ్చు.

రెండు: కార్డు ఉంది, కానీ దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరుస లేదు. ద్విభాషి లేడు. కొత్త కెర్నల్ వేయాలి, లేదా ఆ కార్డుకు డ్రైవరు విడిగా దొరుకుతుందేమో చూడాలి. విడిగా తెచ్చిన డ్రైవరు లోడు కాకపోతే బయాస్‌లో సెక్యూర్ బూట్ ఉందేమో గమనించండి. సంతకం లేని డ్రైవరును అది లోనికి రానివ్వదు.

మూడు: డ్రైవరు వరుస ఉంది, అయినా పనిచేయదు. ఇప్పుడు కెర్నల్ డైరీ చదవాలి. ఎస్, యు, డి, ఒ అని వేసి, ఖాళీ వదిలి, డి, ఎం, ఇ, ఎస్, జి అని టైపు చేస్తే యంత్రం లేచినప్పటి నుంచి జరిగినదంతా వరుసగా వస్తుంది. అందులో "ఫర్మ్‌వేర్", "ఫెయిల్డ్" అనే మాటలు పక్కపక్కన కనిపిస్తే లేనిది ఆ ఫైలే. ఫైలు పేరు కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆ పేరు నోటుబుక్కులో ఎక్కించుకోండి.

నాలుగు: డ్రైవరు ఉంది, డైరీలో తప్పు లేదు, కానీ "నో క్యారియర్" అని వస్తోంది. ఐ, పి అని వేసి, ఖాళీ వదిలి, లింక్ అని ఇంగ్లీషులో కొడితే ఇది కనబడుతుంది. కార్డు బాగుంది, అవతలి నుంచి సంకేతం రావడం లేదు. కేబుల్ మార్చి చూడండి, స్విచ్‌లో వేరే రంధ్రంలో పెట్టండి.

ఈ నాలుగింటిలో కొత్త కార్డు కొనవలసి వచ్చేది ఎన్నింటిలోనో మీరే లెక్కపెట్టండి.

పేరు చూడవద్దు, అంకె చూడండి

డబ్బా మీద రాసిన పేరును నమ్మవద్దు. ఒకే పేరుతో అమ్మే యూఎస్‌బి వైఫై ముక్కల్లో ఈ ఏడాది ఒక చిప్పు, వచ్చే ఏడాది ఇంకో చిప్పు ఉండవచ్చు. అసలు గుర్తు లోపలి అంకె. పైన చెప్పిన జాబితాలో ప్రతి కార్డు పక్కన చదరపు బ్రాకెట్లలో రెండు భాగాల అంకె ఉంటుంది. మొదటి భాగం కంపెనీది. 8086 అంటే ఇంటెల్, 10ఇసి అంటే రియల్‌టెక్, 14ఇ4 అంటే బ్రాడ్‌కామ్. రెండో భాగం ఆ కార్డుది. సమాధానం వెతికేటప్పుడు ఆ రెండూ కలిపి వెతకండి. సరైన చోటికి పోతారు.

పాత యంత్రాల్లో తరచుగా ఎదురయ్యేవి

గడియారం: యంత్రం లేచినప్పుడల్లా ఎన్నో ఏళ్ళ వెనకటి తేదీ చూపితే లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పయితే భద్రత ఉన్న వెబ్‌సైట్లు తెరుచుకోవు. అది నెట్‌వర్కు తప్పులా కనిపిస్తుంది. సిఆర్ 2032 అనే బ్యాటరీ మారిస్తే చాలు.

డిస్కు: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే కనబడకపోతే, ముఖ్యంగా ఎన్‌విఎంఇ డిస్కు అయితే, బయాస్‌లో రెయిడ్ అనో ఆర్‌ఎస్‌టి అనో ఉందేమో చూడండి. దాన్ని ఎహెచ్‌సిఐకి మార్చాలి. అందులో విండోస్ ఇంకా కావలసి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. అది లేవకుండా పోవచ్చు.

మెమొరీ: డిడిఆర్ 3 ముక్క డిడిఆర్ 4 గాడిలో కూర్చోదు, బలవంతం చేయకండి. పెద్ద సర్వర్ల నుంచి తీసి చవకగా అమ్మే రిజిస్టర్డ్ రకం మెమొరీ మామూలు డెస్క్‌టాపులో పనిచేయదు. అకారణంగా యంత్రం ఆగిపోతుంటే మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అనే పరీక్షను రాత్రంతా నడపండి.

కార్డు పేరు మారడం: కొత్తగా గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే నెట్‌వర్కు పోయిందంటే గాభరా పడవద్దు. లినక్స్ నెట్‌వర్కు కార్డుకు అది కూర్చున్న చోటును బట్టి పేరు పెడుతుంది. కొత్త కార్డు వస్తే ఆ చోటు అంకె మారవచ్చు. సెట్టింగుల ఫైలులో మాత్రం పాత పేరే ఉంటుంది. అక్కడ పేరు దిద్దితే సరి.

అప్‌డేట్ తర్వాత ఆగడం: నిన్న పనిచేసి ఈరోజు ఆగితే, యంత్రం లేచేటప్పుడు వచ్చే మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి పాత కెర్నల్‌తో లేపి చూడండి. దానితో పనిచేస్తే భాగం చెడిపోలేదని తేలినట్టే.

తెలుగు అక్షరాల బదులు గళ్ళు: ఇది హార్డ్‌వేర్ తప్పే కాదు. ఆ కంప్యూటరులో తెలుగు ఫాంటు లేదు. లోహిత్ తెలుగు, పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

మూడు కట్టుబాట్లు

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మార్చి బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు. చేసిన ప్రతి పనీ తేదీతో నోటుబుక్కులో రాయండి. మీ తర్వాతి తరగతివాళ్ళకు అదే పాఠ్యపుస్తకం. మూడోది, ఎవరో చెప్పారని అర్థం కాని ఆజ్ఞను సర్వరులో కొట్టవద్దు. ముందు అది ఏం చేస్తుందో చదవండి.

పిల్లలకు ఇంకొక మాట. మూత తీసేముందు ప్లగ్గు పీకాలి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ప్లగ్గు పీకినా సరే విప్పకూడదు, లోపల విద్యుత్తు నిలిచి ఉంటుంది. బోర్డు మీద కెపాసిటర్లు తలలు ఉబ్బి కనిపిస్తే ఆ యంత్రాన్ని ఆన్ చేయకుండా పక్కన పెట్టి మాకు చెప్పండి.

ఇవ్వదలచినవారికి

బడికి కంప్యూటరు ఇవ్వదలచినవారు ముందుగా ఈ విషయాలు చూడండి. ప్రాసెసరు 64 బిట్‌ది కావాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలరే లేదు. మెమొరీ 4 జీబీ ఉంటే మన పనికి చాలు. వైఫై లేకపోయినా ఫరవాలేదు, సర్వరుకు కేబులే మేలు. కేబుల్ పెట్టే రంధ్రం మాత్రం ఉండాలి. మానిటరు అక్కర్లేదు. మీ ఫొటోలు, బ్యాంకు కాగితాలు, పాస్‌వర్డులు ముందే వేరే చోట దాచుకుని డిస్కు చెరిపి ఇవ్వండి. చెరపడం రాకపోతే డిస్కు తీసి ఇంట్లో పెట్టుకుని పెట్టె మాత్రం ఇవ్వండి.

ఎవరైనా "ఇది పాతది, దీని మీద ఏదీ నడవదు, కొత్తది కొనండి" అంటే వెంటనే ఒప్పుకోకండి. లినక్స్‌ను పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. లోపలి డిస్కును ముట్టుకోనక్కర్లేదు. అరగంటలో ఏ భాగం కలిసిందో, ఏది కలవలేదో తెలిసిపోతుంది. ప్రతి బేస్తవారం చివరి పీరియడులో ల్యాబులో ఈ పరీక్ష చేస్తాం. యంత్రం తెచ్చినవారు దగ్గరుండి చూడవచ్చు. పరీక్ష చేసేది పిల్లలే, మేం పక్కన నిలబడతాం.