వాగ్గేయకారుడు ఆదిభట్ల నారాయణదాసు

మాటనూ పాటనూ తానొక్కడే కూర్చగలవానిని మన పెద్దలు వాగ్గేయకారుడన్నారు. పాశ్చాత్య దేశాలలో సాధారణంగా కవి వేరు, స్వరకర్త వేరు. మన సంప్రదాయంలో ఆ ఇరువురూ ఒకే దేహంలో నివసించాలి. అట్టివారిలో త్యాగరాజాదుల పేర్లు మన విద్యార్థులెరుగుదురు. మన విజయనగరపు వీధులలో నడచిన మహావ్యక్తి పేరు చెప్పుమంటే మాత్రం తరగతిలో మౌనమే సమాధానం. ఈ వ్యాసానికి ఆ మౌనమే ప్రేరణ.

శ్రీ అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు 1864లో బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడ గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. బాల్యంలోనే భాగవత పద్యాలు కంఠస్థం చేసి, చదువు నిమిత్తం విజయనగరం చేరారు. 1883లో మద్రాసు నుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడు గారి హరికథను విన్నారు. ఆ వినికిడి ఆయన జీవితాన్నే మార్చివేసింది. ఆ ఏటనే, పంతొమ్మిదేండ్ల ప్రాయంలో, ధ్రువచరిత్రమును స్వయంగా రచించి, స్వరపరచి, గజ్జెకట్టి ఆడిపాడారు.

హరికథ అనగానే నేటి యువకులు పెదవి విరుస్తారు. ఒక్క మనిషి గంటలకొలది నిలబడి పద్యం, వచనం, కీర్తన, నృత్యం, హాస్యం అన్నింటినీ తానే నిర్వహించే కళ మరొకటి ఏదో చెప్పగలరా? దాసుగారు చేతులు రెండు, పాదములు రెండు, శిరస్సు ఒకటి, ఈ ఐదింటితో ఐదు తాళములు వేయుచు పాడేవారని ప్రసిద్ధి. స్వరకర్తగా ఆయన శక్తిని తెలిపేది ‘దశవిధరాగ నవతికుసుమ మంజరి’. నవతి అంటే తొంబది. తొంబది రాగములను ఒకే రచనలో మాలగా గ్రుచ్చారన్నమాట. ఒక్క రాగాన్ని శుద్ధంగా నిలుపుటకే గాయకులు శ్రమించే చోట తొంబది సార్లు మనోధర్మాన్ని మార్చుకొనుట సామాన్యం కాదు.

1919లో విజయనగర ప్రభువులు సంగీత కళాశాలను స్థాపించి, దానికి ఆయననే ప్రథమాధ్యక్షునిగా నియమించారు. అంధుడైన ఒక బాలునికి సంగీతం నేర్పించవలసిన అవసరమే ఆ సంస్థకు మూలమని విజయనగరంలో నేటికీ చెప్పుకుంటారు. 1936 వరకు దాసుగారే అధ్యక్షులు. ఆ పిమ్మట ఆ పీఠమెక్కినవారు వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఘంటసాల, పి. సుశీల గార్లు ఆ కళాశాల విద్యార్థులే.

వయొలిన్ పుట్టినిల్లు ఇటలీ. ఆ దేశంలోనూ ఇటువంటి కథ ఒకటి ఉన్నది. వెనిస్ నగరంలో ఒక అనాథ శరణాలయపు బాలికలకు 1703 నుండి వయొలిన్ నేర్పిన మతాచార్యుడు ఆంటోనియో వివాల్డీ. ఆయన 1741లో మరణించగా లోకం ఆయనను దాదాపు మరచిపోయింది. 1926లో ఒక మతసంస్థ కళాశాలలో ఆయన వ్రాతప్రతులు మూటలుగా బయటపడ్డాయి. స్వరలిపి ఉన్నందున, సుమారు రెండువందల యేండ్ల తరువాత కూడా వాద్యకారులు ఆ సంగీతాన్ని తిరిగి పలికించగలిగారు. మన సంగీతం అట్లు కాదు. స్వరం కాగితంపై పెట్టవచ్చును, కాని గమకం గురుముఖతః రావలసిందే. దాసుగారి హరికథలు ముద్రణలో నిలిచాయి. వాటిని పాడే విధం మాత్రం శిష్యుల కంఠాలలో ఉన్నంతకాలమే ఉంటుంది. ఆ గొలుసులో ఒక కడియం తెగితే మూటలు వెదకినా లాభం లేదు.

ఇక మన కళాశాలకు మరింత దగ్గరి విషయానికి వస్తాను. దాసుగారు సంస్కృతాంధ్రములతో తృప్తి చెందలేదు. అరబ్బీ పారసీ భాషలు కూడా అభ్యసించారు. ఫిట్జెరాల్డ్ 1859లో ఆంగ్లంలో ప్రకటించిన ఉమర్ ఖయ్యాం రుబాయీలు లోకమంతటా మారుమ్రోగాయి. అయితే ఆ ఆంగ్లకవి మూలాన్ని స్వేచ్ఛగా మార్చుకున్నాడు. రెండు మూడు రుబాయీలను కలిపి ఒకటి చేసిన చోట్లు కూడా ఉన్నాయి. దాసుగారు పారసీ మూలాన్నీ, ఆంగ్లానువాదాన్నీ రెండింటినీ విడివిడిగా తీసుకొని, సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ అనువదించారు. గ్రంథం 1932లో వెలువడింది. మూలమేదో, ఆంగ్లకవి చేసిన మార్పు ఏదో పాఠకుడే పోల్చి చూచుకోవచ్చును. అప్పటికి ఆయన వయస్సు అరువది దాటింది.

అచ్చతెలుగు అంటే సంస్కృత తత్సమాలు గాని, అన్యదేశ్యాలు గాని లేని తెలుగు. మనం నిత్యం వాడే ఖరీదు, వకీలు, దస్తావేజు, జమీందారు మొదలైన పదాలు దానిలో చెల్లవు. పారసీ కవితను తెలుగు చేస్తూ, తెలుగులో కలిసిపోయిన పారసీ పలుకులనే విడిచిపెట్టవలసి రావడం చిత్రమైన పరీక్ష! రుబాయీలో ప్రాస ఒకటవ, రెండవ, నాలుగవ పాదాల చివర వస్తుంది. మన పద్యంలో ప్రాస పాదాదిని రెండవ అక్షరంలో ఉంటుంది. ఒకరి సొగసు చివర, మరొకరి సొగసు మొదట. ఈ రెండు సొగసుల మధ్య నడచుట కత్తిమీద సామే. అచ్చతెలుగు నిర్బంధం వల్ల కొన్ని పద్యాలు నిఘంటువు లేనిదే కొరుకుడు పడవని ఒప్పుకోక తప్పదు. అది లోపమే. సంస్కృతానువాదం నాకు మరింత సుబోధంగా తోచింది.

మా ఇంట ఉర్దూ మాతృభాష, నేను ఎం.ఏ. చేసినది తెలుగు. తెలుగు మీకెందుకని ఒకచోట, ఉర్దూ మరచితివా అని మరొకచోట ప్రశ్నించినవారున్నారు. పరకాయ ప్రవేశం చేసినట్లు పారసీని సాధించిన ఈ హరిదాసును అట్లు ఎవరైనా ప్రశ్నించారో లేదో! ఆయన 1945లో కన్నుమూశారు.

గత సంవత్సరం ఉర్దూ శాఖలోని మిత్రులొకరు పారసీ మూలం చదువగా, నేను దాసుగారి తెలుగును చదివాను. ఒక పూట గడచినా నాలుగు రుబాయీలు దాటలేకపోయాము. మా చర్చ విని ఉభయ శాఖల విద్యార్థులు కొందరు తలుపు వద్ద నిలబడ్డారు. ఆసక్తి గలవారు ఈసారి లోపలికే రావచ్చును. నా వద్ద ఉన్నది అరిగిన నకలు ప్రతి ఒక్కటే గనుక ఇంటికి ఇచ్చుట మాత్రం సాధ్యం కాదు.