మధుమేహం: ప్రసాదం, ఉపవాసం, అన్నదానం

ఖానాపూర్‌లో వైద్యవృత్తిలో ఉన్న నన్ను భక్తులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "సార్, నాకు షుగరున్నది. ప్రసాదం తినొచ్చునా?" తినవచ్చుననే నా సమాధానం. కళ్లకద్దుకొని నోట వేసుకొనే ఆ చెంచాడు చక్కెర పొంగలి వలన వ్యాధి ముదరదు. ప్రసాదమనేది స్వభావరీత్యా అల్పమైనది. దానిని దొన్నెల కొద్దీ తినడం, ఇంటికి వెళ్లిన పిదప పళ్లెం నిండుగా అన్నం పెట్టుకొని అంచున కొద్దిగా కూర వేసుకొనడం, ఇవే ఆలోచించవలసిన విషయాలు.

దీని వెనుక శరీరంలో జరిగే పనిని కొంత తెలిసికొనడం అవసరం. అన్నం, రొట్టె, పండు వంటివి జీర్ణమై గ్లూకోజుగా రక్తంలో కలుస్తాయి. అప్పుడు క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. ఆ గ్లూకోజు కండరాల కణాలలోనికి ప్రవేశించడానికి ఇన్సులిన్ తాళపుచెవి వంటిది. పొట్ట చుట్టూ, కాలేయంలో కొవ్వు పేరుకొన్నప్పుడు తాళం మొరాయిస్తుంది. ఒక్క తాళపుచెవి చాలిన చోట నాలుగు కావలసి వస్తాయి. పాపం, క్లోమగ్రంథి ఏళ్ల తరబడి అధికంగా ఇన్సులిన్‌ను పంపుతూ చక్కెరను అదుపులో ఉంచుతుంది. ఆ కాలమంతా పరగడుపు పరీక్షలో అంకె సక్రమంగానే ఉంటుంది. క్లోమగ్రంథి అలసిన తరువాతనే చక్కెర పెరుగుదల బయటపడుతుంది. కనుక మధుమేహం కనిపించిన రోజున మొదలైనది కాదు. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినా, మెడ వెనుక చర్మం నల్లగా మందంగా మారినా అప్పుడే పరీక్ష చేయించుకొనవలెను. పరగడుపున 100 నుండి 125 వరకు, లేదా మూడు నెలల సగటు పరీక్షలో 5.7 నుండి 6.4 వరకు ఉంటే అది ముందస్తు దశ. 2023లో ప్రకటితమైన భారతీయ వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలైతే, ఈ ముందస్తు దశలో ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు.

మన ప్రాంతం తిండిని చూద్దాం. గోదావరిపై సదర్మాట్ ఆనకట్ట నీళ్లు పారిన ఊళ్లలో వరి పండింది. మెట్ట ఊళ్లలో జొన్న, మక్కలే ఆధారం. జొన్న రొట్టె, గట్క, అంబలి, పుంటికూర పప్పు తిని పొద్దంతా పొలంలో వంగి పని చేసిన తరం మనకు తెలియనిది కాదు. వరి అన్నం పండుగనాటి భోజనంగా ఉండిన ఇళ్లు ఎన్నో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. 2025 ఉగాది నుండి రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం అందుతున్నది. ఆకలిని తరిమిన పథకాలను నిందించడం నాకు ఇష్టం లేదు. నాగలి స్థానంలో ట్రాక్టరు, నడక స్థానంలో మోటారు సైకిలు వచ్చినా, పళ్లెంలో అన్నం మాత్రం పొలం పని చేసిన రోజుల కొలతలోనే నిలిచిపోయింది. చిక్కంతా అక్కడే.

అయితే అందరినీ జొన్నలకు మళ్లమని చెప్పి ఊరుకొంటే చాలదు. 100 గ్రాముల జొన్నలలో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపు. ఈ పీచు వలన గ్లూకోజు రక్తంలోనికి నెమ్మదిగా చేరుతుంది. కానీ పిండిపదార్థం జొన్నలలోనూ 68 గ్రాముల వరకు ఉన్నది, బియ్యంలో 78. ఈ తేడాను నమ్ముకొని ఐదు రొట్టెలు తింటే ప్రయోజనం శూన్యం. రెండు రొట్టెలతో కడుపు నిండుతుంది, నమలడానికి సమయం పడుతుంది, తోడుగా పప్పు, కూర ఎక్కువ తింటాము. జొన్న చేసే మేలులో సగం ఇదే. చిరుధాన్యాల పేరుతో అంగళ్లలో అమ్మే బిస్కట్లలో చక్కెర కూడ ఉంటుంది. ఇక బెల్లం విషయంలో మనవారికి ఎందుకో గట్టి నమ్మకం. చక్కెర మానివేసి టీలో బెల్లం వేసుకొనేవారు నా దగ్గరికి వారానికి నలుగురైనా వస్తారు. రక్తానికి ఆ రెండింటి మధ్య భేదం తెలియదు.

నేను చెప్పే కొలత సులభమైనది. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. మిగిలిన సగంలో ఒక భాగం పప్పు, శనగలు, పెరుగు, మాంసాహారులకు గుడ్డు లేదా చేప. చివరి భాగం మాత్రమే అన్నం లేదా రొట్టె. తినే వరుస కూడ ముఖ్యం. ముందు కూరగాయలు, మాంసకృత్తులు తిని ఆ తరువాత పిండిపదార్థం తిన్నవారికి భోజనానంతర చక్కెర, ఇన్సులిన్ రెండూ తక్కువగా పెరిగినట్లు 2015లో అమెరికాలో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో తేలింది. ఖర్చు లేని పని కనుక నేను దీనిని అందరికీ చెబుతాను.

రెండవది నడక. పని చేసే కండరం ఇన్సులిన్ సహాయం లేకుండానే గ్లూకోజును తీసికొనగలదు. అందుచేత భోజనమైన తరువాత పది, పదిహేను నిమిషాలు నడవడం ఎంతో మేలు. సుశ్రుత సంహితలో ప్రమేహ చికిత్స చెప్పిన చోట, బీదవాడైన రోగి భిక్షాన్నంతో జీవిస్తూ నూరు యోజనాలకు పైగా నడవవలెననీ, ధనవంతుడు శ్యామాకం వంటి ధాన్యంతో జీవించవలెననీ, బావి త్రవ్వడం కూడ చికిత్సయేననీ ఉన్నది. మితాహారం, కాయకష్టం అన్న ఈ సూత్రాన్ని నేటి వైద్యం కూడ కాదనదు. ఒక్క చోట మాత్రం నేను ఆ మహర్షితో విభేదిస్తాను, ఎందుకో తరువాత చెబుతాను. గుడిలో గణపతి ముందు తీసే గుంజీళ్లు తొడ కండరాలకు మంచి వ్యాయామం. మోకాళ్లు సహకరించేవారు ఇంటి వద్ద కూడ రోజూ తీయవచ్చును.

ఈ మార్పుల వలన నిజంగా ఫలితం ఉన్నదా? చెన్నై కేంద్రంగా జరిగి 2006లో ప్రకటితమైన అధ్యయనంలో, ఆహారం, నడక మార్చుకొన్న ముందస్తు దశవారిలో మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనంలో, వ్యాధి బయటపడి ఆరేళ్లు దాటని స్థూలకాయులు వైద్య పర్యవేక్షణలో బరువు తగ్గగా, ఏడాది తరువాత 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం లేని స్థితికి చేరారు. ఇరవై ఏళ్లుగా వ్యాధి ఉన్నవారికి ఇంతటి ఫలితం ఆశించలేము. ఎవరైనను తమంతట తాము మాత్రలు ఆపరాదు.

ఉపవాసాల సంగతి మరింత జాగ్రత్తగా చదవమని ప్రార్థన. ఏకాదశి నాడో శివరాత్రి నాడో అన్నం మాని, సగ్గుబియ్యం పాయసం, అరటిపండ్లు, ఖర్జూరాలు తీసికొంటే ఉపవాసం పేరిట చక్కెర పెరుగుతుంది. సగ్గుబియ్యమంటే దాదాపు శుద్ధ పిండిపదార్థమే. ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసికొనేవారు మందు వేసుకొని ఆహారం మానితే చక్కెర 70 కంటే దిగువకు పడిపోగలదు. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగించి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించవలెను. తగ్గకుంటే మరొకమారు ఇవ్వవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక ఆసుపత్రికి తరలించవలెను. డపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు నీరు కూడ మాని ఉపవసించడం మరొక విధమైన ఆపద. రోగులకు, వృద్ధులకు, గర్భిణులకు ఉపవాస నియమంలో సడలింపును మన ధర్మశాస్త్రాలే ఇచ్చాయి. చక్కెర నీళ్లు త్రాగినందుకు వ్రతభంగమని బాధపడి మళ్లీ మొదలుపెట్టిన ఒక తల్లిని నేను ఎరుగుదును. ఆ సడలింపు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అయ్యప్ప మాల, హనుమాన్ మాల ధరించేవారు నలభై ఒక్క దినాలు ఒంటిపూట భిక్షతో, పాదరక్షలు లేకుండా ఉంటారు. మాల వేసికొనడానికి వారం ముందే వైద్యుని కలిసి మందు మోతాదును, వేళలను మార్పించుకొనవలెను. సుశ్రుతునితో నా విభేదం ఇక్కడనే. ఆయన చెప్పిన ఆ నడక పాదరక్షలు లేని నడక. చాలాకాలం మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా, ఎండకు కాలిన బండ మీద బొబ్బ లేచినా తెలియదు. ధర్మపురిలోనైనా కొండగట్టులోనైనా వేసవి మధ్యాహ్నం రాతి నేల ఎంత వేడిగా ఉంటుందో యాత్రికులకు తెలుసు. మందపాటి నూలు మేజోళ్లు ధరించండి, ఉదయం వేళ దర్శనం చేసికొనండి, రాత్రి పడుకొనే ముందు అరికాళ్లను అద్దంలో చూచుకొనండి. చిన్న పుండును అశ్రద్ధ చేసి వేలు పోగొట్టుకొన్నవారు ఈ మండలంలోనే ఉన్నారు. గురుస్వాములు అనుమతిస్తే చెప్పులు ధరించడమే మేలు.

చివరగా అన్నదాతలకు ఒక విన్నపం. పుట్టినరోజుకో, పెద్దల తిథికో అన్నదానానికి విరాళమిచ్చేవారు సాధారణంగా తమ పేర ఒక మధుర పదార్థం అదనంగా వడ్డించమంటారు. ఈసారి దాని బదులు ఒక కూరను కోరండి. ఇస్తరిలో ముందు కూర, పప్పు వడ్డించి, కొద్దిసేపటి తరువాత అన్నం పెట్టేటట్లు వడ్డన వరుసను మార్చమని కార్యనిర్వాహకులను అడగండి. అన్నం వద్దన్నవారికి రెండు జొన్న రొట్టెలు ఇవ్వగలిగితే మరింత సంతోషం. సాయంకాలం లడ్డూకు తోడుగా శనగ గుడాలు కూడ పంచవచ్చును. ఒక కిలో నానబెట్టిన శనగలు యాభై దొన్నెలకు సరిపోతాయి.