మాస్టారి కుండీలో మిరప, కౌలుదారు చేలో మిరప

రావులపాలెం అరటి గెలల ఊరు. జొన్నాడ వైపు నుంచి వంతెన దాటి గౌతమి ఇవతలకు రాగానే ఎటు చూసినా గెలలే. అలాంటి ఊరికి మిరప చూడడానికి వెళ్ళామంటే పాఠకులు నవ్వుకోవచ్చు. అందులోనూ మేము మొదట వెళ్ళింది చేలోకి కాదు, ఒక డాబా మీదికి. రైతుల శీర్షికలో పింఛనుదారు కుండీల గొడవేమిటని అడిగేవారు కాస్త ఓపిక పట్టాలి.

ఆయన హైస్కూలు మాస్టారు. రిటైరయ్యాక మొదటి ఆర్నెల్లూ ఏమీ తోచలేదట. "పేపరు చదవడం ఎనిమిదింటికల్లా అయిపోయేదండి. ఆ తర్వాత పొద్దు గడిచేది కాదు" అన్నారు. ఇప్పుడు డాబా మీద పాత రంగు డబ్బాలు, చిల్లిపడ్డ బకెట్లు, సిమెంటు కుండీలు కలిపి నలభై దాకా ఉన్నాయి. అన్నింట్లోనూ మిరపే. మట్టి గోదావరి ఒండ్రు. అదొక్కటే వేస్తే నీళ్ళు పోసేకొద్దీ బిగుసుకుపోతుంది గనుక, కోనసీమలో కొదవలేని కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపుతారు. డబ్బా అడుగున చిల్లులు లేకపోతే నీరు నిలిచి, వేరు కుళ్ళి, నిన్న నవనవలాడిన మొక్క ఇవాళ తల వాల్చేస్తుంది. మొదటి ఏడు సగం మొక్కలు అలాగే పోయాయట.

చలి దేశాల్లో మంచు తగిలితే మిరప చచ్చిపోతుంది. మనకు ఆ బాధ లేదు. కాపు తగ్గాక కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే మళ్ళీ చిగురిస్తుంది. మాస్టారి దగ్గర మూడో ఏడు కాస్తున్న మొక్క ఉంది. మొదలు బొటనవేలంత లావు. మన చిక్కల్లా ఎండతోనే. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే పిందె సరిగా నిలవదు, పూత రాలిపోతుంది. అందుకని ఏప్రిల్, మే నెలల్లో పచ్చ వల నీడలో మొక్కను బతికించుకోవడమే గాని ఆయన కాయకు ఆశపడరు.

ఈ సరదా ఉన్నవాళ్ళకు ఘాటు పందెం ఒకటుంటుంది. కారాన్ని కొలిచే పద్ధతిని 1912లో స్కోవిల్ అనే అమెరికా మందుల శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. మన ఈశాన్యపు భూత్ జొలోకియా ఆ కొలతలో పది లక్షలు దాటి 2007లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2023లో అమెరికా కాయ ఒకటి 26 లక్షలు దాటింది. మాస్టారూ ఒక భూత్ మొక్క పెంచారు. "ఒక్క కాయకే ఊరంతటికీ పచ్చడి సరిపోద్ది. మిగతావి ఎవరి నెత్తిన కొడతారో కనుక్కోండి" అని వారి ఇల్లాలు మాతో మొర పెట్టుకున్నారు.

మేమక్కడ ఉండగానే మాస్టారి పాత శిష్యుడొకడు మెట్లెక్కి వచ్చాడు. లంకలో ఎకరం కౌలుకు చేస్తున్నాడు. వరద తీశాక పచ్చిమిరప వేశాడు. సంచిలోంచి ముడుచుకుపోయిన కొమ్మ తీసి, "ఇదేం ముడతండి మాస్టారూ? కొట్టాయన మూడు మందులు కలిపిచ్చాడు. కొట్టినా తగ్గలేదు" అన్నాడు.

మాస్టారు భూతద్దం తెచ్చారు. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని కాడ సాగితే తెల్లనల్లి. ఇది కింది ముడత. నల్లి పురుగు జాతి కాదు, దానికి గంధకం కావాలి. పురుగుమందులు ఎడాపెడా కొడితే నల్లిని తినే మిత్రజీవులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. అంటే ఆ మూడు మందుల డబ్బూ పెట్టి అతను తెగులును మేపాడన్న మాట.

మాస్టారి డబ్బాలో ముడత వస్తే ఒక మొక్క పోతుంది. ఇతనికి కౌలు సొమ్ము ముందే కట్టేశాడు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలంటే భూమిదారు సంతకం కావాలి. "అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వనన్నాడండి." కార్డు లేదు గనుక పంట రుణం లేదు. మందు, ఎరువు, చేబదులు అన్నీ ఆ కొట్లోనే.

మిరప రైతుకు ఇదేమీ కొత్త కాదు. 2017 ఏప్రిల్‌లో ధర పడిపోయి ఖమ్మం యార్డులో రైతులు తిరగబడితే, వారిలో పదిమందికి సంకెళ్ళు వేసి కోర్టుకు తెచ్చారు. 2021–22లో పూతలో చేరే కొత్త తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తోటలను ఊడ్చేసింది. 2025 ఫిబ్రవరిలో ధర మళ్ళీ కూలితే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అదీ ఎండుమిరపకే. ఏ రోజు కోత ఆ రోజే అమ్ముకోవాల్సిన పచ్చిమిర్చి రైతుకు ఆ లెక్కలో చోటు లేదు.

ఇక విత్తనం. కౌలుదారుడు ఏటా కంపెనీ సంకర విత్తనం కొనాల్సిందే. దాని గింజ దాచి వేస్తే మొక్కలు ఒక తీరున రావు. మాస్టారు మాత్రం లంకల్లోంచి తెచ్చిన పాత నాటు రకమొకటి కాపాడుతున్నారు. మిరప పూతకు పక్క మొక్కల పుప్పొడి సులువుగా అంటుతుంది. అందుకని విత్తనానికి ఉంచే కొమ్మకు పూత విచ్చకముందే పల్చటి గుడ్డసంచి కడతారు. బాగా పండిన కాయలు ఎంచి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో దాస్తారు. ఘాటుకు రామచిలుకలు జంకుతాయేమోనని అడిగాం. "పక్షులకు కారం తెలియదండి. ఆ సంచి కట్టేది సగం వాటి కోసమే!" అని నవ్వారు.

శిష్యుడికి ఒక చిన్న పొట్లం కట్టిచ్చారు. "వచ్చే ఏడు ఓ సాలు వేసి చూత్తానండి, చేను నాకే ఇత్తే" అన్నాడతను.

తర్వాత మాస్టారు ఒక చీటీ మీద నీళ్ళలో కలిసే గంధకం, లీటరుకు 3 గ్రాములు, ఎండ తగ్గాక కొట్టాలి అని రాసిచ్చారు. వేరే కొట్లో కొనుక్కోమని కూడా చెప్పారు. అతను చీటీ జేబులో పెట్టుకుని, "వేరే కొట్లో అప్పివ్వరండి" అని సైకిలెక్కాడు.