పలకనుండి శిఖరమునకు

గోదావరీతీరమున బాసర క్షేత్రము కలదు. తల్లిదండ్రులు బిడ్డలను అచ్చటికి కొనివచ్చి, సరస్వతీదేవి సన్నిధిని పలకపై తొలి అక్షరములు దిద్దింతురు. అయితే విద్య పలకతో ముగియదు. కొండలును పాఠములు నేర్పును. ఇందుకు నదికి ఆవలనున్న నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామబాలిక మాలావత్ పూర్ణయే తార్కాణము.

పూర్ణ వ్యవసాయకూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచు, భువనగిరి రాతికొండపై త్రాడు పట్టి ఎక్కుట అభ్యసించెను. పిదప డార్జిలింగునందును, లడఖ్ మంచుకొండలయందును శిక్షణ పొందెను. 2014లో నాటి ఖమ్మము జిల్లా విద్యార్థియైన ఆనంద్ కుమార్‌తో కూడి, టిబెట్టు వైపునుండి ఎవరెస్టు నెక్కసాగెను.

ఆ శిఖరపు ఎత్తు 8,849 మీటర్లు. అచ్చటి గాలి ఒత్తిడి సముద్రమట్టమున నుండు దానిలో ఇంచుమించు మూడవ వంతే. తొందరపడి ఎక్కినచో ప్రాణాపాయము. కావున ఆరోహకులు కొంత ఎత్తునకు పోయి, మరల దిగివచ్చి, పలుచని గాలికి శరీరమును అలవాటు చేయుదురు. దారిలో మృతుల దేహములు కనబడినను పూర్ణ వెనుదిరుగలేదు. మే 25న శిఖరము చేరెను. అప్పటి కామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంత చిన్నవయస్సున ఎవరెస్టు నెక్కిన బాలిక అంతకుముందు లేదు.

పలకపై అక్షరము దిద్దు చేతికిని, కొండపై త్రాడు పట్టు చేతికిని కావలసినది నిత్యాభ్యాసమే గదా!